వేతన పరిమితి - హాకీ జట్టు కూర్పు

భిలాయి ఉక్కు నగరమునందు సుపేలా అను పేట కలదు. ఒకప్పుడది చిన్న పల్లె. 1955లో సోవియట్ యూనియనుతో జరిగిన ఒప్పందము ననుసరించి భిలాయిలో ఉక్కు కర్మాగారము వెలసెను. 1959 ఫిబ్రవరి 4వ తేదీన అందలి మొదటి బ్లాస్టు ఫర్నేసును రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించిరి. పలు రాష్ట్రములనుండి, అందు ఆంధ్రదేశమునుండియు, పనివారు కుటుంబములతో వచ్చి చేరిరి. సుపేలా వారికి అంగడి అయ్యెను. అచ్చటి ఆదివారపు సంతకు పోవు ఇల్లాలికి ఒక సంగతి చక్కగా తెలియును. నెలజీతము ఇంత అని ముందే నిర్ణయమై యున్నది. ఒక్క పట్టుచీరకే అందులో అయిదవ వంతు పోసినచో, తక్కిన నెల ఉప్పుపప్పులకు తడుముకొనవలసి వచ్చును. నేటి హాకీ లీగులలో జట్టును కూర్చువారి చిక్కును ఇదియే.

జట్టు యజమాని ఆటగాండ్రకై ఇంతకు మించి వెచ్చింపరాదను కట్టుబాటునకు వేతన పరిమితి యని పేరు. ధనికుడైన యజమాని మేటి ఆటగాండ్ర నందరిని తానే కొనివేసినచో పోటీయే ఉండదు. పోటీ లేని ఆటను చూచువారుండరు. ఉత్తర అమెరికాలో మంచుగడ్డపై ఆడు హాకీ లీగునందు ఈ కట్టుబాటును గూర్చి యజమానులకును ఆటగాండ్రకును పెద్ద వివాదము చెలరేగి, 2004-05 నాటి క్రీడాకాలమంతయు రద్దయ్యెను. మరుసటి ఏట ఒక్కొక్క జట్టునకు 3 కోట్ల 90 లక్షల డాలర్ల పరిమితి ఏర్పడెను. జట్టు పరిమితిలో 20 శాతమునకు మించి ఏ ఒక్కరికిని ఈయరాదను నియమము కూడ అచ్చట కలదు.

మన దేశమున ఈ పద్ధతి హాకీ ఇండియా లీగుతో వచ్చెను. 2012 డిసెంబరులో ఢిల్లీ నగరమున మొదటి వేలము జరిగెను. అయిదు జట్లు, ఒక్కొక్క దానికి 6,50,000 డాలర్లు. భారత నాయకుడు సర్దార్ సింగును ఢిల్లీ జట్టు 78,000 డాలర్లకు, అనగా తన ధనములో 12 శాతమునకు, కొనెను. అయినను 2013లో కప్పు గెలిచినది ఢిల్లీ కాదు, రాంచీ జట్టు.

2017 పిదప ఆ లీగు ఆగిపోయి, 2024 అక్టోబరు వేలముతో మరల మొదలయ్యెను. ఈసారి పురుషుల జట్టునకు 4 కోట్ల రూపాయలు. ఇరువది నలుగురిని సమకూర్చుకొనవలెను. అందు పదునార్గురు భారతీయులు, ఎనమండుగురు విదేశీయులు. భారతీయులలో కనీసము నలుగురు పిన్న వయస్కులు. పంజాబు ప్రాంతపు సూర్మా జట్టు హర్మన్‌ప్రీత్ సింగునకు 78 లక్షలు పెట్టెను. అది మొత్తములో పందొమ్మిదిన్నర శాతము. మిగిలిన 3 కోట్ల 22 లక్షలతో ఇరువది ముగ్గురిని తెచ్చుకొనవలెను. సగటున తలకు 14 లక్షలు. హైదరాబాదు తూఫాన్స్ జట్టు గోంజాలో పేయట్ అను విదేశీయునికి 68 లక్షలు పోసి ఇట్టి లెక్కనే ఎదుర్కొనెను.

వీరిరువురును పెనాల్టీ కార్నరును గోలుగా మలచుటలో సిద్ధహస్తులు. అట్టి వారికే ఇంత ధర పలుకుటకు కారణము నియమములలో నున్నది. 2016, 2017 సంవత్సరములలో ఈ లీగునందు ఆట నడుచుచుండగా కొట్టిన గోలును రెండు గోలులుగా లెక్కించెడివారు. నియమము అట్లుండగా కార్నరు నిపుణుని విలువ తగ్గును, ముందువరుస ఆటగాని విలువ పెరుగును. కాబట్టి ధర ఆటగాని చేతి నైపుణ్యమునకు మాత్రమే కొలత కాదు. ఆ యేటి నియమములకును, ఎదుటి యజమాని సంచిలో మిగిలిన ధనమునకును అది కొలత.

2025 ఫిబ్రవరి 1వ తేదీన తుది ఆట భిలాయికి తోబుట్టువు వంటి మరియొక ఉక్కు నగరమైన రూర్కెలాలో జరిగెను. హైదరాబాదు జట్టు 3-4 గోలులతో బెంగాలు జట్టు చేతిలో ఓడెను. సమాన ధనముతో కూర్చిన రెండు జట్ల నడుమ భేదము ఒక్క గోలు మాత్రమే. పరిమితి యొక్క ప్రయోజనమున కింతకంటె మంచి నిదర్శన ముండదు.

కాని ఈ పరిమితి యజమానుల నడుమ సమత్వమును కూర్చునదే గాని ఆటగాండ్ర నడుమ కాదు. ఆ వేలమున కనిష్ఠ ప్రారంభ ధర 2 లక్షలు. 78 లక్షలు దానికి ముప్పది తొమ్మిది రెట్లు. పూర్వము మన దేశమున మరియొక పరిమితి యుండెడిది. అది ధనమునకు కాదు, ఉద్యోగములకు. రైల్వేలు, కస్టమ్సు, విమాన సంస్థలు, పోలీసు శాఖ తమ కున్న కొలువుల మేరకు ఆటగాండ్రను చేర్చుకొనెడివి. ఛత్తీస్‌గఢ్ ప్రాంతపు బిలాస్‌పూరులో జన్మించి, 1948 మొదలు 1960 వరకు నాలుగు ఒలింపిక్ పతకములు గెలిచిన లెస్లీ క్లాడియస్ కలకత్తా కస్టమ్సు ఉద్యోగి. మూడు ఒలింపిక్సులలో ఆడిన హైదరాబాదు వాసి ముకేశ్ కుమార్ ఇండియన్ ఎయిర్‌లైన్సు ఉద్యోగి.

భిలాయికి ప్రక్కనున్న దుర్గ్ నగరపు కుమార్తె సబా అంజుమ్ కథ మరింత ఆలోచింపజేయును. 2002లో మాంచెస్టరు కామన్వెల్తు క్రీడలలో స్వర్ణము గెలిచిన జట్టున ఆమె యుండెను. ఆమె ఆడిన కాలమున స్త్రీల కిట్టి వేలమే లేదు. హాకీ ఇండియా లీగు స్త్రీలకు తెరచుకొన్నది 2025లో. అప్పుడును వారి జట్టునకు 2 కోట్లు, పురుషుల దానిలో సగము. సబా అంజుమ్‌కు లభించినది ఛత్తీస్‌గఢ్ పోలీసు శాఖలో డి.ఎస్.పి. ఉద్యోగము.

కొలువు జీవితకాలము అన్నము పెట్టెడిది. కాని మేటి ఆటగానికిని మామూలు ఆటగానికిని ఒకే గ్రేడు. వేలము నేర్పునకు తగిన వెల నిచ్చును. కాని ఆ వెల క్రీడాకాలముతో ముగియును. మోకాలు దెబ్బతిన్ననాడు ఆ వెల ఏమగునో పట్టికలో వ్రాసి యుండదు. పైకప్పును గూర్చి ఇంత శ్రద్ధతో లెక్క వేసినవారు నేలను గూర్చియు అంత శ్రద్ధ చూపవలసి యున్నది. ఏలయన, ఇరువది నలుగురిలో మొదటివానిని ఎవరైనను ఎన్నుకొనగలరు. సంచి అడుగున మిగిలిన నాణెములతో ఎన్నుకొన్న కడపటివాడే జట్టును నిలుపును. సుపేలా సంతనుండి తిరిగివచ్చు ఇల్లాలికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.