నాలుగో పక్క

వేసవి వచ్చిందంటే కెనడాలో మన తెలుగువాళ్ళ వీకెండ్లన్నీ పాట్‌లక్కులే. వెనకాల స్విమ్మింగ్ పూల్ ఉన్న ఇల్లయితే మరీ సరదా. ఈ వారం ఆ పూల్ చుట్టూ ఉండే కంచె చరిత్ర చెబుతాను. కంచెకి చరిత్రేమిటని నవ్వుకోకండి, అందులో మా ఇంటి కథ కూడా ఉంది.

2019 ఆగస్టులో బ్రాంప్టన్‌లో ఒక మిత్రుడింట్లో ఇరవైమంది పెద్దవాళ్ళం ఉన్నాం. మా పాపకి అప్పుడు మూడేళ్ళు. మా ఆవిడ చూస్తోందని నేను, నేను చూస్తున్నానని తను అనుకున్నాం. పూల్‌కి మూడువైపులా కంచె ఉంది, నాలుగోవైపు ఇల్లే. పెరటి తలుపు తీసి ఉంది. పాప అందులోంచి వెళ్ళి నీళ్ళల్లో పడింది. కేక లేదు, పెద్ద చప్పుడూ లేదు. మునిగే పిల్లలు అరవలేరని నాకు ఆ రోజే తెలిసింది. గుంటూరు జిల్లా నుంచి వచ్చిన మా అమ్మ చూసి, చీరతోనే దూకి పైకి తీసింది. చిన్నప్పుడు నడుముకి ఎండు సొరకాయ బుర్ర కట్టుకుని దిగుడుబావిలో ఈత నేర్చుకున్న మనిషి. మాస్టర్స్ చేసిన నాకు ఈత రాదు.

ఆ రాత్రి అమ్మ అడిగింది: "మనూళ్ళో మంచినీళ్ళ బావికి చుట్టూతా ఒర కడతారు కదరా. ఒకపక్క వదిలేసి ఎవరైనా కడతారా?"

ఆ ప్రశ్న పట్టుకుని చదవడం మొదలుపెట్టాను. మన ఒంటారియోలో పూల్ కంచెలకి రాష్ట్రమంతటికీ ఒకే చట్టం లేదు. ఏ ఊరి బైలా ఆ ఊరిదే. చాలాచోట్ల ఇంటి గోడనే నాలుగో పక్కగా ఒప్పుకుంటారు. పక్కనున్న క్విబెక్ కథ వేరు. అక్కడ 2010 జూలై 22న రాష్ట్రమంతటికీ నిబంధనలు వచ్చాయి. కంచె కనీసం 1.2 మీటర్లు, అంటే నాలుగడుగులు ఉండాలి. గేటు దానంతటదే మూసుకుని గడియ పడాలి. ఇంటి గోడ కంచెలో భాగమైతే, అందులోంచి పూల్ దగ్గరికి దారి ఉండకూడదు. అచ్చంగా మా అమ్మ అడిగిన మాటే!

కానీ ఒక లొసుగు మిగిలింది. 2010 నవంబరు 1కి ముందు కట్టిన పూల్‌లని వదిలేశారు. పిల్లలకి పాత పూల్, కొత్త పూల్ తేడా ఏం తెలుస్తుంది? 2021లో ఆ మినహాయింపు ఎత్తేశారు. పాత పూల్‌ల వాళ్ళకి ఇచ్చిన గడువుని మొదట అనుకున్న 2023 జూలై 1 నుంచి ముందుకి జరిపారు. నాలుగో పక్క పూర్తవడానికి ఏళ్ళకేళ్ళు పడుతుందన్నమాట.

ఇకపోతే ఈత సంగతి. కెనడా రెడ్‌క్రాస్ 1946లో మొదలుపెట్టిన ఈత పాఠాల కార్యక్రమాన్ని 2022లో ముగించింది. ఇప్పుడు ఆ పని లైఫ్‌సేవింగ్ సొసైటీ చూస్తోంది. వాళ్ళ 'స్విమ్ టు సర్వైవ్'లో మూడే పరీక్షలు: లోతు నీళ్ళల్లోకి దొర్లి పడి తేరుకోవడం, ఒక నిమిషం తేలి ఉండడం, యాభై మీటర్లు ఈదడం. ఇక్కడ పుట్టినవాళ్ళతో పోలిస్తే, కొత్తగా వలస వచ్చినవాళ్ళలో ఈత రానివాళ్ళు నాలుగు రెట్లని 2010లో ఆ సొసైటీ చేయించిన సర్వే చెప్పింది. అంటే మనమే!

అయితే కంచె ఉన్నా, ఈత వచ్చినా, కనిపెట్టుకుని ఉండే మనిషి ఉండాలి. ఇప్పుడు మా స్నేహబృందంలో ఒక పద్ధతి పెట్టుకున్నాం. పావుగంటకి ఒకరు పూల్ కాపలా. వాళ్ళ చేతిలో ప్లేటుండదు, ఫోనుండదు. చిన్నపిల్లలు నీళ్ళల్లో ఉంటే చెయ్యి చాస్తే అందేంత దూరంలోనే ఉండాలి. వంతు మారేటప్పుడు "ఇప్పుడు మీరండీ" అని పైకి చెప్పి, అవతలివాళ్ళు "సరే" అన్నాకే కదలాలి. ఆట అయిపోగానే నీళ్ళల్లోంచి బొమ్మలన్నీ తీసేస్తాం. వాటికోసమే పిల్లలు మళ్ళీ వెళ్తారు.

మా పాప ఇప్పుడు చక్కగా ఈదుతుంది. నేనూ కమ్యూనిటీ సెంటర్లో పెద్దవాళ్ళ క్లాసులో చేరాను. నిమిషం తేలగలుగుతున్నాను, యాభై మీటర్లు ఇంకా రాలేదు. వచ్చే శనివారం మీరు వెళ్ళే ఇంట్లో ఆ నాలుగో పక్క ఎలా ఉందో ఒక్కసారి చూసుకోండి.