ఆట తర్వాతి గాయం: క్రీడాకారుల మెదడు వ్యాధి గుర్తింపు చరిత్ర – తెలంగాణ సందర్భం

వ్యాససంగ్రహం:
ఆటలో తలకు పదేపదే తగిలే దెబ్బలు, ఆట మానిన చాలా ఏళ్ళకు మెదడు వ్యాధిగా బయటపడవచ్చునన్న ఎరుక గత శతాబ్ద కాలంలో క్రమంగా ఏర్పడింది. బాక్సింగ్, అమెరికన్ ఫుట్‌బాల్, ఫుట్‌బాల్ క్రీడల్లో ఈ ఎరుక ఏర్పడిన క్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. దానిని హైదరాబాద్ ఫుట్‌బాల్ చరిత్రకు అన్వయించి, ఖమ్మం–భద్రాచలం అటవీ సరిహద్దులో క్రీడలను జీవనోపాధిగా ఎంచుకొంటున్న గిరిజన విద్యార్థుల దృష్ట్యా ఆ చరిత్ర చెప్పే పాఠాన్ని చర్చిస్తుంది.

కీలకపదాలు: క్రీడాచరిత్ర, వృత్తివ్యాధి, తలగాయం, హైదరాబాద్ ఫుట్‌బాల్, భద్రాచలం ఏజెన్సీ, కబడ్డీ.

1. ఉపోద్ఘాతం:
శ్రమ వలన కలిగే హాని రెండు విధాలు. ఒకటి అప్పటికప్పుడు కంటికి కనిపించేది. రెండవది పని మానిన తర్వాత బయటపడేది. ఈ భేదం ఖమ్మం ప్రాంతానికి కొత్తది కాదు. 1871లో భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగ్ ఇల్లందు పరిసరాల్లో బొగ్గు నిక్షేపాలను గుర్తించారు. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. కొత్తగూడెం ఆ సంస్థకు కేంద్రమైంది. బొగ్గుగనిలో పైకప్పు కూలితే జరిగిన నష్టం ఆ రోజే తెలుస్తుంది. ఊపిరితిత్తుల్లో పేరుకొన్న ధూళి చేసే నష్టం మాత్రం ఏళ్ళు గడిచాకగాని తెలియదు. మొదటిదానిని చట్టం ‘ప్రమాదం’ అన్నది. రెండవదానిని ‘వృత్తివ్యాధి’ అన్నది. 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టం వృత్తివ్యాధులకు ప్రత్యేకంగా ఒక షెడ్యూలునే కేటాయించింది. ధూళి వలన వచ్చే ఊపిరితిత్తుల వ్యాధులకు అందులో చోటు దక్కింది.

క్రీడ కూడా శ్రమే. ఆటగాడు ఆడే కాలం మహా అయితే పది పదిహేనేళ్ళు. తర్వాత బతకవలసిన కాలం దానికి రెండు మూడు రెట్లు. అయితే క్రీడాచరిత్రకారులు ఆడిన కాలాన్నే చరిత్రగా భావించారు. పతకాలు, గోలులు, కప్పులు నమోదయ్యాయి; ఆ తర్వాతి జీవితం నమోదు కాలేదు. తెలుగు నిత్యవ్యవహారంలోనూ ఈ లోటు కనిపిస్తుంది. తలకు దెబ్బ తగిలితే ‘దిమ్మ తిరిగింది’, ‘కళ్ళు బైర్లు కమ్మాయి’ అంటాం. ఈ మాటలన్నీ దెబ్బ తగిలిన క్షణాన్ని చెప్పేవే. ముప్పై ఏళ్ళ తర్వాత వచ్చే మతిమరపును ఆ దెబ్బతో ముడిపెట్టే మాట మన వాడుకలో స్థిరపడలేదు. పేరులేని బాధకు పరిహారం అడగడం కష్టం. కాబట్టి ఈ చరిత్రను పేరు పెట్టడంతోనే మొదలుపెట్టాలి.

2. వ్యాధికి పేరు ఏర్పడిన క్రమం:
1905లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడుతూ ఒక్క సీజన్‌లోనే కనీసం 18 మంది మరణించారు. అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ప్రముఖ విశ్వవిద్యాలయాల క్రీడా ప్రతినిధులను శ్వేతసౌధానికి పిలిపించి మాట్లాడారు. మరుసటి ఏడాది బంతిని ముందుకు విసిరే పద్ధతిని అనుమతిస్తూ నిబంధనలు మారాయి. కళ్ళెదుట జరిగిన మరణాలకు వచ్చిన స్పందన ఇది. అంటే ‘ప్రమాదా’నికి పరిష్కారం దొరికింది, నిదానంగా వచ్చే హాని ఊసు అప్పటికి ఇంకా లేదు.

ఆ ఊసు ఎత్తినవారు న్యూజెర్సీకి చెందిన వైద్యుడు హారిసన్ మార్ట్‌లాండ్. గడియారాల పలకలకు రేడియం రంగు పూసిన యువతుల శరీరాల్లో రేడియం విషప్రభావాన్ని 1925లో వైద్యపరంగా నిరూపించినవారిలో ఆయన ముఖ్యులు. ఆయనే 1928లో బాక్సర్లపై వ్యాసం ప్రచురించారు. రింగు బయట కూడా తూలుతూ నడవడం, మాట తడబడటం, ఆలోచన మందగించడం వంటి లక్షణాలను ఆయన అందులో వర్ణించారు. బాక్సింగ్ అభిమానులు అలాంటివారిని పిడిగుద్దుల మత్తులో ఉన్నవారిగా ఎగతాళి చేసేవారు. ఆ ఎగతాళి మాటనే మార్ట్‌లాండ్ తన వ్యాసానికి శీర్షికగా పెట్టారు. కర్మాగారపు వ్యాధిని పరిశీలించిన వైద్యుడే క్రీడావ్యాధినీ పరిశీలించడం గమనించదగినది. రెండింటిలోనూ ఆయన చూసింది ఒకటే: శ్రమ చేసిన శరీరంలో ఆలస్యంగా పండే ఫలితం.

1937లో ఈ స్థితికి బాక్సర్ల చిత్తవైకల్యం అనే అర్థమిచ్చే లాటిన్ పేరు వచ్చింది. 1949లో బ్రిటిష్ నాడీవైద్యుడు మెక్‌డొనాల్డ్ క్రిచ్లీ ‘క్రానిక్ ట్రామాటిక్ ఎన్‌సెఫలోపతీ’ అనే పేరును వాడారు. దీనిని తెలుగులో ‘దీర్ఘకాలిక అభిఘాతజన్య మస్తిష్కవ్యాధి’ అనవచ్చు. 1973లో కోర్సెల్లిస్ బృందం 15 మంది మాజీ బాక్సర్ల మెదళ్ళను పరీక్షించి, అందులోని మార్పులను సవివరంగా నమోదు చేసింది. అయినా దశాబ్దాల పాటు ఇది బాక్సర్లకే పరిమితమైన వ్యాధిగా చలామణి అయింది.

3. అమెరికన్ ఫుట్‌బాల్ - సాక్ష్యం, తిరస్కారం, పరిహారం:
పిట్స్‌బర్గ్ స్టీలర్స్ జట్టు తరఫున నాలుగు సూపర్‌బౌల్ విజయాల్లో పాలుపంచుకొన్న మైక్ వెబ్‌స్టర్ 2002 సెప్టెంబరులో తన 50వ ఏట మరణించారు. చివరి ఏళ్ళలో ఆయన మతిస్థిమితం, నిలకడ, నివాసం అన్నీ కోల్పోయారు. శవపరీక్ష చేసిన బెనెట్ ఒమాలు నైజీరియా నుండి వలస వచ్చిన వైద్యుడు. పైకి మామూలుగా కనిపించిన మెదడును ఆయన సూక్ష్మదర్శినితో పరీక్షించారు. నాడీకణాల్లో ‘టౌ’ అనే ప్రోటీన్ అసహజంగా పేరుకొని ఉండటాన్ని గుర్తించారు. 2005లో ఆ పరిశీలనను ప్రచురించగా, నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ నియమించిన వైద్య సంఘ సభ్యులు ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకోవాలని కోరారు.

ఈ వ్యాధి ఏర్పడే విధానాన్ని క్లుప్తంగా చెప్పవచ్చు. మెదడు పుర్రెలో ద్రవం మధ్య ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడు తల హఠాత్తుగా కదిలి, మెలితిరుగుతుంది. అప్పుడు సన్నని నాడీతంతువులు సాగి దెబ్బతింటాయి. స్పృహ తప్పించేంత దెబ్బే కానక్కరలేదు. ఏ లక్షణమూ కనబడని చిన్న దెబ్బలు వందలు, వేలు చేరినా మెదడు ముడతల లోతుల్లో, చిన్న రక్తనాళాల చుట్టూ టౌ పేరుకోవచ్చు. హెల్మెట్ పుర్రెను పగలకుండా కాపాడుతుంది. లోపల మెదడు కదలకుండా ఆపలేదు. మరణానంతరం మెదడును పరీక్షిస్తేనే ఈ వ్యాధి ఖాయంగా తేలుతుంది.

2011 నుండి మాజీ ఆటగాళ్ళు న్యాయస్థానాలను ఆశ్రయించారు. 2013లో 76.5 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. 2015లో గరిష్ఠ పరిమితి లేని రూపంలో దానికి న్యాయస్థానం ఆమోదం లభించింది. అయితే పరిహారం లెక్కకట్టడంలో మరో అన్యాయం దాగి ఉంది. నల్లజాతి ఆటగాళ్ళ మేధాశక్తి మొదటినుండీ తక్కువేనన్న ఊహతో వారి పరీక్షా ఫలితాలను వేరే కొలమానంతో బేరీజు వేశారు. దానితో వారు పరిహారానికి అర్హులని నిరూపించుకోవడం మరింత కష్టమైంది. విమర్శల తర్వాత 2021లో ఈ పద్ధతికి స్వస్తి చెప్పడానికి లీగ్ అంగీకరించింది.

సాక్ష్యాన్ని జాగ్రత్తగా చదవాలి. 2017లో ప్రచురితమైన అధ్యయనంలో ఈ లీగ్‌లో ఆడిన 111 మంది మెదళ్ళలో 110 మెదళ్ళకు వ్యాధి ఉన్నట్లు తేలింది. కానీ అవి ఎక్కువగా లక్షణాలు చూసి కలతచెందిన కుటుంబాలు దానమిచ్చిన మెదళ్ళు. కాబట్టి ఆటగాళ్ళందరిలో అదే నిష్పత్తి ఉంటుందని చెప్పలేం.

4. బంతిని తలతో ఆడే ఆట:
ఫుట్‌బాల్ విషయంలో నిర్ణాయకమైన సంఘటన ఇంగ్లండ్‌లో జరిగింది. వెస్ట్ బ్రామ్‌విచ్ ఆల్బియన్ జట్టు ఆటగాడు జెఫ్ ఆస్టిల్ తలతో బంతిని కొట్టడంలో ప్రసిద్ధుడు. ఆయన 2002లో 59 ఏళ్ళకే చిత్తవైకల్యంతో మరణించారు. మరణ విచారణాధికారి దానిని ‘పారిశ్రామిక వ్యాధి’ వలన కలిగిన మరణంగా తీర్పునిచ్చారు. గని కార్మికునికి వర్తించే పదం తొలిసారిగా ఇంత స్పష్టంగా ఫుట్‌బాల్ ఆటగాడికి వర్తించింది.

2019లో గ్లాస్గో పరిశోధకులు 7,676 మంది స్కాట్లాండ్ మాజీ వృత్తి ఆటగాళ్ళ మరణకారణాలను 23,028 మంది సామాన్యులవాటితో పోల్చారు. నాడీక్షీణత వ్యాధులతో మరణించే అవకాశం ఆటగాళ్ళలో సుమారు మూడున్నర రెట్లు ఎక్కువగా కనిపించింది. అయితే అటువంటి మరణాలు ఆటగాళ్ళలో 1.7 శాతం, ఇతరుల్లో 0.5 శాతం మాత్రమే. గుండెజబ్బు మరణాలు ఆటగాళ్ళలోనే తక్కువ. 2021 నాటి తదుపరి విశ్లేషణలో రక్షణ ఆటగాళ్ళకు ముప్పు అత్యధికంగా ఉన్నట్లు, గోల్‌కీపర్లకు సామాన్యులకంటే చెప్పుకోదగిన ముప్పు లేనట్లు తేలింది. ఒకే జట్టు, ఒకే మైదానం, ఒకే జీవనశైలి గల వారిలో తలతో బంతి ఆడనివారికి ముప్పు పెరగకపోవడం బలమైన సూచన.

5. హైదరాబాద్ ఫుట్‌బాల్ - కీర్తి చరిత్రలోని ఖాళీలు:
పై చరిత్రను తెలుగు నేలకు అన్వయిస్తే మొదట గుర్తుకు వచ్చేది హైదరాబాద్ ఫుట్‌బాల్. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడైన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. రహీం శిక్షణలోనే భారతజట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆ ఆటగాళ్ళలో చాలామందికి ఆటే ఉద్యోగం తెచ్చిపెట్టింది. అంటే వారికి ఆట వినోదం కాదు, వృత్తి.

1962 జకార్తా క్రీడల్లో థాయిలాండ్‌తో జరిగిన ఆటలో జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం ఆయనను రక్షణ స్థానం నుండి తప్పించి ముందువరుసలో ఆడించారు. కుట్లు పడిన తలతోనే ఆయన సెమీఫైనల్లోనూ, ఫైనల్లోనూ గోలు చేశారు. ఫైనల్లో భారత్ 2–1 తేడాతో దక్షిణ కొరియాపై గెలిచింది. ఈ సంఘటనను ఆరు దశాబ్దాలుగా సాహసగాథగా చెప్పుకొంటున్నాం. అది సాహసమే. చర్మం చిట్లినంత మాత్రాన మెదడుకు గాయమైనట్లు కాదు. కానీ గాయపడిన తలతో ఆడించవచ్చా అన్న ప్రశ్న ఆనాడు పుట్టనే లేదు. ప్రపంచకప్‌లో సైతం ఆట మధ్యలో ఆటగాణ్ణి మార్చే వీలు 1970లోగాని రాలేదు. కాబట్టి ఆనాటివారిని నేటి కొలతతో నిందించడం చరిత్ర దృష్టి అనిపించుకోదు.

అదే జట్టులోని హైదరాబాద్ ఆటగాడు, అర్జున పురస్కార గ్రహీత యూసుఫ్ ఖాన్ 2006లో మరణించారు. చివరి ఏళ్ళలో ఆయన పార్కిన్సన్ వ్యాధితో బాధపడ్డారు. ఆటలో తలకు తగిలిన దెబ్బలతో దానిని ముడిపెట్టి చెప్పినవారున్నారు. 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులోని మహమ్మద్ హబీబ్ 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మరణించారు. ఆయన కొన్నేళ్ళుగా చిత్తవైకల్యంతో, పార్కిన్సన్ లక్షణాలతో బాధపడినట్లు పత్రికలు రాశాయి. ఆడని వృద్ధులకూ ఈ వ్యాధులు వస్తాయి. ఒకరిద్దరి జీవితాలనుండి కారణాన్ని నిర్ధారించడం శాస్త్రం కాదు. స్కాట్లాండ్‌లో ఈ ప్రశ్నకు జవాబు దొరకడానికి కారణం ఆటగాళ్ళ పట్టికలను, మరణ నమోదులను ఒకచోట చేర్చి చూడగలగడమే. హైదరాబాద్ ఆటగాళ్ళ విషయంలో అటువంటి పని జరగాలి. గోలు ఎవరు చేశారో తెలిసిన చరిత్రకు, గోలు చేసినవారు ఎలా వృద్ధులయ్యారో కూడా తెలియాలి.

6. ఖమ్మం–భద్రాచలం అటవీ సరిహద్దు:
పై చర్చ గతానికే పరిమితం కాదు. 2012లో భారతదేశంలో మొదలైన అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్‌లో హైదరాబాద్ పేరుతోనూ ఒక జట్టు ఉండేది. అది వేళ్ళూనలేదు. కానీ తలలు ఢీకొనే ఆటలు మన ఊళ్ళలో ఎన్నడూ తక్కువ కాదు. కబడ్డీలో కూతకు వెళ్ళిన ఆటగాణ్ణి పట్టుకోవడానికి రక్షకులు ఒక్కసారిగా వంగి మీదపడతారు. అప్పుడు తలకు మోకాలు తగలడం, తలా తలా ఢీకొనడం సహజం.

పాల్వంచ సమీపంలోని కిన్నెరసానిలో గిరిజన విద్యార్థులకు క్రీడా పాఠశాల ఉంది. భద్రాచలం ఏజెన్సీలోని ఆశ్రమ పాఠశాలల్లో కోయ, కొండరెడ్డి పిల్లలకు ఆట ఒక్కోసారి చదువుకూ ఉద్యోగానికీ దారి. జట్టులో స్థానం పోతుందన్న భయంతో పిల్లవాడు తలనొప్పిని దాచవచ్చు. ఇంటికి దూరంగా వసతిగృహంలో ఉన్నందున మరునాడు అతని నడవడిలో వచ్చిన మార్పును తల్లి గమనించే అవకాశం లేదు. ఆ బాధ్యత వ్యాయామ ఉపాధ్యాయునిదే, సంరక్షకునిదే.

ఇక్కడ మూడు పాఠాలు వర్తిస్తాయి. మొదటిది, దెబ్బలను నమోదు చేయాలి. తలకు దెబ్బ తగిలిన తేదీ, లక్షణాలు, తిరిగి ఆడిన రోజు రాసే చిన్న పుస్తకం చాలు. రెండవది, వయస్సును పాటించాలి. అమెరికాలో 2015లో పదేళ్ళలోపు పిల్లలకు బంతిని తలతో కొట్టడం నిషేధించారు. స్కాట్లాండ్, ఇంగ్లండ్‌లలో 2020లో చిన్నపిల్లల శిక్షణలో దానిని తొలగించారు. ఆట ఆగలేదు, పద్ధతి మారింది. మూడవది, కొలమానాన్ని ప్రశ్నించాలి. జ్ఞాపకశక్తి పరీక్షలను నగర విద్యార్థుల ప్రమాణంతో తయారుచేసి కోయ మాతృభాషగా గల పిల్లవానికి పెడితే, భాషాభేదాన్ని మేధాలోపంగా పొరబడతాం. లేదా నిజమైన క్షీణతను ‘వీళ్ళింతే’ అని కొట్టిపారేస్తాం. అమెరికాలో నల్లజాతి ఆటగాళ్ళకు జరిగిన అన్యాయం సరిగ్గా ఇదే. ఏ పిల్లవాణ్ణయినా అతని పూర్వపు ఫలితంతోనే, అతని భాషలోనే పోల్చాలి.

7. ముగింపు:
క్రీడాకారుల మెదడు వ్యాధి చరిత్రను స్థూలంగా నాలుగు దశలుగా చెప్పవచ్చు: ఎగతాళి, పేరు, సాక్ష్యం, పరిహారం. 1928లో పేరు దిశగా మొదటి అడుగు పడినా, పరిహారం చేరడానికి ఎనిమిది దశాబ్దాలకు పైగా పట్టింది. ఆలస్యానికి కారణం శాస్త్రజ్ఞానం లేకపోవడం ఒక్కటే కాదు. ఆటను శ్రమగా, ఆటగాణ్ణి శ్రామికుడిగా చూడకపోవడం కూడా. బొగ్గుధూళి ఆలస్యంగా చేసే హానిని వృత్తివ్యాధిగా ఎరిగిన ఈ నేలకు ఆ చూపు కష్టమైనది కాదు. ఆటలు మాన్పించమని ఈ వ్యాసం సూచించడం లేదు. ఆటవలన శరీరానికి కలిగే మేలును గ్లాస్గో అధ్యయనమే చూపింది. ఆడిన బిడ్డ అరవయ్యో ఏట తన ఆటను తాను గుర్తుంచుకోగలగాలన్నదే ఇందులోని ఆశయం. మాజీ ఆటగాళ్ళ జీవితచరిత్రలను, వైద్యచరిత్రలను వారు, వారి కుటుంబాలు చెప్పగలిగిన కాలంలోనే సేకరించడం తెలంగాణ క్రీడాచరిత్ర పరిశోధకుల ముందున్న తక్షణ కర్తవ్యం.