మనిషికి తగ్గ పట్టర్

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో శనివారం పొద్దున్న. అమెరికా గోల్ఫ్ ప్రొఫెషనల్స్ సంఘం పీజీఏ తన ప్రధాన కార్యాలయాన్ని 2022లో ఈ ఊరికి తెచ్చుకుంది. మన తెలుగువాళ్లు కూడా ఇక్కడ వీధివీధినా కనిపిస్తారు. ఒక గోల్ఫ్ షాపు వెనక గదిలో మా బావ పట్టర్ (బంతిని కప్పులోకి దొర్లించే కర్ర) పట్టుకుని నిలబడ్డాడు. కింద పచ్చటి కృత్రిమ గడ్డి, 10 అడుగుల అవతల కప్పు.

కర్రని మనిషికి తగ్గట్టు అమర్చే ఫిట్టర్ టేపు తియ్యలేదు, మీటర్లేవీ ఆన్ చెయ్యలేదు. ఒక బంతిని రెండు కళ్ల మధ్య, ముక్కు మొదట్లో పెట్టుకుని వదలమన్నాడు. బావ వదిలాడు. అది నేల మీదున్న బంతి మీద పడలేదు, దానికీ బూట్లకీ మధ్యలో పడింది. బావ పట్టర్ 35 అంగుళాలు. ఆ పొడుగే అతన్ని బంతికి దూరంగా నిలబెడుతోంది. ఫిట్టర్ మోకాళ్ల మీద కూర్చుని పట్టర్ టో, అంటే అవతలి చివర, కిందికి ఒక నాణెం తోశాడు. సులువుగా దూరిపోయింది. అంటే అడుగుభాగం నేలకు ఆనడం లేదు, టో పైకి లేచి ఉంది. అలా లేచినప్పుడు కుడిచేతి ఆటగాడి పట్టర్ ముఖం కాస్త ఎడమకి చూస్తుంది.

"ఇన్నాళ్లూ నా మణికట్టులోనే తేడా ఉందనుకున్నాను" అన్నాడు బావ నాతో.

ఇప్పుడు లేజర్. బావను కప్పు మధ్యకి గురి పెట్టమని, బంతిని మెల్లగా పక్కకు తీసేశాడు ఫిట్టర్. పట్టర్ ముఖానికి చిన్న అద్దం అంటించి ఉంది. కప్పు దగ్గర నుంచి వచ్చే కాంతి ఆ అద్దానికి తగిలి వెనక్కి వెళ్తుంది. గురి సరిగ్గా ఉంటే ఎర్రచుక్క బయల్దేరిన చోటికే చేరాలి. అందరం అటు చూశాం. చుక్క కప్పుకి ఎడంపక్క, జానెడు దూరంలో వణుకుతోంది.

"తిన్నగానే పెట్టాను కదా బావా!" అన్నాడు నావైపు తిరిగి. పెట్టాడు, అతని కళ్లకి అది తిన్నగానే ఉంది. అద్దంలో కోణం రెట్టింపవుతుంది కాబట్టి, పట్టర్ ముఖం తప్పింది సుమారు 2 డిగ్రీలు. 10 అడుగుల దగ్గర అంటే బంతి 4 అంగుళాలు పక్కకి పోవాలి. కప్పు వెడల్పే నాలుగుంపావు అంగుళాలు. మరి బావ కొట్టినవాటిలో కొన్నయినా ఎలా పడుతున్నాయి? గురి ఎడమకి పోతోందని అతని చేతులకి తెలుసు. చివరి క్షణంలో కుడికి తోస్తున్నాయి. ఆ తోపునే బావ మణికట్టు దోషం అనుకున్నాడు.

బావ చేతిలోది బ్లేడ్ అనే సన్నటి రకం పట్టర్. జనరల్ ఎలక్ట్రిక్‌లో ఇంజనీరుగా పనిచేసిన కార్‌స్టెన్ సోల్‌హైమ్ 1966లో పింగ్ యాన్సర్ అనే పట్టర్‌తో తెచ్చిన రూపం. బరువుని రెండు చివరలకీ పంచితే, బంతి మధ్యలో తగలకపోయినా పట్టర్ హెడ్ తక్కువ తిరుగుతుంది. గొప్ప ఆలోచన, ఇప్పటికీ చాలా కంపెనీలు ఆ ఆకారాన్నే చేస్తున్నాయి. అయినా బావ కళ్లకి అది పనికిరాలేదు.

ఫిట్టర్ గోడ మీది పట్టర్లు ఒక్కొక్కటీ దించాడు. పొడుగు గీతలున్న మాలెట్ (వెనక్కి వెడల్పుగా ఉండే హెడ్) ఇస్తే చుక్క ఇంకా ఎడమకి జరిగింది. గీతలు లేనిది ఇస్తే లోపలికి వచ్చింది. హెడ్‌ని షాఫ్ట్‌కి కలిపే మెడ మార్చాడు, చుక్క మళ్లీ జరిగింది. బావ మాత్రం నిలబడే తీరు ఏమీ మార్చలేదు. చివరికి, పైన ఒకే ఒక్క చుక్క ఉన్న గుండ్రటి హెడ్‌తో కాంతి బయల్దేరిన చోటికే వెళ్లి ఆగింది. గదిలో ముగ్గురం ఒకేసారి "అదీ!" అన్నాం.

మిగతా పని త్వరగానే అయిపోయింది. పొడుగు 33 అంగుళాలకి తగ్గింది. షాఫ్ట్ తగ్గితే హెడ్ తేలిగ్గా అనిపిస్తుంది కాబట్టి అడుగున బరువు బిళ్లలు మార్చాడు. బావ బంతిని కొట్టేటప్పుడు చేతులు ముందుకి తోస్తాడు, దాంతో లాఫ్ట్ (ముఖం వెనక్కి వాలే కోణం) తగ్గి బంతి మొదట్లో గెంతుతోంది. పట్టర్‌ని మరలో బిగించి, మెడ వంచి ఒక డిగ్రీ లాఫ్ట్ పెంచాడు. ఈసారి బంతి గెంతకుండా దొర్లింది, కప్పులో టక్కుమని పడింది.

గోల్ఫ్ కోర్సు పార్ 72 అయితే, ఆ లెక్కలో 36 దెబ్బలు పట్టర్‌వే. దూరం కొట్టే డ్రైవర్ మామూలుగా 14 సార్లకి మించి బ్యాగులోంచి బయటికి రాదు. కొత్త డ్రైవర్‌కి డబ్బు పెట్టే ముందు, మీ పాత పట్టర్ పట్టుకుని ఒక్కసారి లేజర్ ముందు నిలబడి చూడండి.