మీటరు బతికే ఉంది, డ్రైవరే లేదు

ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా (ఈసీఐఎల్) ఎప్పుడు పుట్టిందని హైదరాబాద్ అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో ఎవరిని అడిగినా 1967 అని తడుముకోకుండా చెబుతారు. అణుశక్తి శాఖ కింద, అయ్యగారి సాంబశివరావు సారథ్యంలో అని కూడా కలుపుతారు. పోటీ పరీక్షకు అంత చాలు. కానీ ఆ తర్వాత ఈ నగరంలో నడిచిన కథను కాస్త తరచి చూస్తే, నేటి ప్రయోగశాలల్లో తరచూ ఎదురయ్యే ఒక చిక్కు అర్థమవుతుంది. కొలిచే పరికరం చక్కగా పనిచేస్తూనే ఉంటుంది, దాన్ని కంప్యూటర్‌కు కలిపే కార్డుకు మాత్రం లైనక్స్ డ్రైవర్, అంటే ఆ కార్డును నడిపే సాఫ్ట్‌వేర్, దొరకదు. ఇది లైనక్స్ లోపమని కొందరంటారు. మనమే తయారు చేసుకుని ఉంటే ఈ బాధ తప్పేదని ఇంకొందరంటారు. చరిత్ర ఈ రెండు మాటలనూ బలపరచదు. పరికరాన్ని ఎవరు చేశారన్నదాని కంటే, దానితో ఎలా మాట్లాడాలో అందరికీ అందేలా రాసిపెట్టారా లేదా అన్నదే దాని ఆయుష్షును తేల్చింది.

స్వదేశీ వాదాన్నే ముందు తీసుకుందాం. ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రంలో రూపుదిద్దుకుని 1969లో వచ్చిన టీడీసీ-12 కంప్యూటర్‌ను ఈసీఐఎల్ తయారుచేసి అమ్మింది. టీడీసీ అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. అది 12 బిట్ల యంత్రం. ఆ తర్వాత టీడీసీ-312, 1975 నాటికి 16 బిట్ల టీడీసీ-316 వచ్చాయి. అణు పరిశోధనకు కావలసిన కొలత పరికరాలనూ ఆ సంస్థే చేసేది. కంప్యూటర్ చేసినవాళ్లూ, దానికి పరికరాలు తగిలించేవాళ్లూ ఒకే గూటివాళ్లు కాబట్టి డ్రైవర్ కోసం బయట వెతకాల్సిన పని లేదు. అయితే 1978లో ఐబీఎం దేశం విడిచి వెళ్లిన కాలంలోనే మినీ కంప్యూటర్ల తయారీలోకి ప్రైవేటు సంస్థలూ దిగాయి. ఎనభైలలో పీసీలు వచ్చాయి. టీడీసీ యంత్రాలు పక్కకు తప్పుకున్నాయి, వాటి కోసం రాసిన ప్రోగ్రాములూ వాటితోపాటే పోయాయి. చేతిలో తయారీ ఉంది, నైపుణ్యం ఉంది. అయినా ఆ యంత్రంతో ముడిపడిన పని దాని తర్వాత నిలవలేదు.

ఇప్పుడు విదేశీ కథ చూద్దాం. అరవైల చివర హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థ తన మీటర్లను కంప్యూటర్‌కు కలపడానికి ఒక బస్ (సంకేతాలు నడిచే ఉమ్మడి దారి) రూపొందించింది. 1975లో అది ఐఈఈఈ 488 ప్రమాణమైంది. జీపీఐబీ అని అందరూ పిలిచేది దాన్నే. 24 పిన్నుల కనెక్టర్, ఒక వరసలో 15 పరికరాల వరకు, మొత్తం కేబుల్ 20 మీటర్లకు మించకుండా. నియమాలు అచ్చులో ఉన్నాయి కాబట్టి ఏ కంపెనీ వోల్ట్‌మీటరైనా ఆ వరసలో ఇమిడింది. చిక్కంతా కంప్యూటర్ వైపు వచ్చింది. తంతికి ప్రమాణం ఉంది గానీ, కంప్యూటర్‌లో గుచ్చే కార్డుకు లేదు. కార్డుకు ఆదేశాలు రాసే చోట్లైన రిజిస్టర్ల అమరిక ఏ కంపెనీది దానిదే. ఆ అమరిక తెలియనిదే డ్రైవర్ రాయలేరు. అయితే చాలా కార్డుల్లో ఎన్‌ఈసీ 7210 చిప్పో, దాని అడుగుజాడల్లో వచ్చిన చిప్పో ఉండేది. ఆ చిప్పు డేటాషీట్ బయట దొరికేది. తొంభైలలో బెర్లిన్‌లో క్లాస్ ష్రోటర్ మొదలుపెట్టిన లైనక్స్ జీపీఐబీ డ్రైవర్లను ఫ్రాంక్ మోరీ హెస్, ఆయన తర్వాత డేవ్ పెంక్లర్ ముందుకు నడిపారు. 2025 జనవరిలో విడుదలైన లైనక్స్ 6.13 కెర్నెల్‌లో (లైనక్స్ మూల భాగంలో), ఇంకా సరిదిద్దాల్సిన కోడ్‌ను ఉంచే స్టేజింగ్ విభాగంలో, వాటికి చోటు దొరికింది. ప్రమాణం వచ్చిన యాభై ఏళ్లకు! ఆలస్యమే, కానీ చేర్చడానికి ఏదో ఒకటి మిగిలింది. టీడీసీకీ దీనికీ తేడా అక్కడే ఉంది.

విండోస్‌కు కంపెనీలే డ్రైవర్ ఇస్తాయి కదా, ఈ యాతనెందుకని అడగవచ్చు. ఇస్తాయి, ఆ కార్డు అమ్ముడుపోయినంత కాలం. 32 బిట్ల విండోస్ ఎక్స్‌పీ కోసం రాసిన డ్రైవర్ 64 బిట్ల విండోస్‌లో లోడ్ కాదు. మూలకోడ్ కంపెనీ దగ్గరే ఉంటే కొన్నవాడు సరిదిద్దుకోనూ లేడు. ఇప్పుడంతా యూఎస్‌బీ, ఈథర్నెట్‌లే కాబట్టి ఇది ముగిసిన కథ అనేది రెండో మాట. అందులో సగం నిజముంది. యూఎస్‌బీటీఎంసీ అనే బహిరంగ ప్రమాణాన్ని పాటించే ఆసిలోస్కోపు ఏ కంపెనీదైనా కెర్నెల్‌లోని ఒకే డ్రైవర్‌తో నడుస్తుంది. కానీ ఇది నా వాదాన్నే బలపరుస్తోంది. సమస్య తీరింది యూఎస్‌బీ తంతి వల్ల కాదు, మాట్లాడే పద్ధతిని బయటపెట్టడం వల్ల. అదే యూఎస్‌బీ మీద సొంత పద్ధతిలో నడిచే డేటా సేకరణ పెట్టెలకు పాత చిక్కు అలాగే ఉంది. రిజిస్టర్లు బయటపెడితే వ్యాపార రహస్యం పోతుందని కంపెనీలు అంటాయి. కొలతలో కచ్చితత్వం తెచ్చే విద్య సర్క్యూట్‌లో ఉంటుంది. ఏ చిరునామాలో ఏ బిట్ రాయాలన్నది తెలిసినంత మాత్రాన ఎవరూ ఆ సర్క్యూట్‌ను కట్టలేరు.

స్వదేశీ తయారీ దండగని దీని అర్థం కాదు. ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్ ఫీనిక్స్ ప్రాజెక్టు కింద కళాశాలల భౌతికశాస్త్ర ప్రయోగాల కోసం ఎక్స్‌పైస్ పరికరాన్ని తెచ్చింది. అది పైథాన్‌తో లైనక్స్ మీద నడుస్తుంది, సర్క్యూట్‌తో సహా అన్నీ బహిరంగమే. టీడీసీకి దక్కని ఆయుష్షు దానికి దక్కే వీలుంది. కొనే పరికరాల విషయంలోనూ మన చేతిలో ఒక మార్గముంది. నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం) లాంటి ప్రభుత్వ ప్రయోగశాలలైనా, విశ్వవిద్యాలయాలైనా కొనేది టెండర్లతోనే. ఆ షరతుల్లో వారంటీ పక్కన ఇంకొక వాక్యం చేర్చాలి: కెర్నెల్‌లో డ్రైవర్ ఉండాలి, లేదా అది రాయడానికి సరిపడా రిజిస్టర్ల వివరాలు పరికరంతోపాటు ఇవ్వాలి. వారంటీ కొన్నేళ్లే ఉంటుంది. రిజిస్టర్ల వివరాలున్న కాగితం కంపెనీ మూతపడ్డాక కూడా పనికొస్తుంది.