సోమవారం సంసారం

మొగుణ్ణి కళ్ళెదుట ఉంచుకోవడానికి ఇల్లాలు ఏం చేస్తుంది? అలుగుతుంది, ఏడుస్తుంది, మొక్కుకుంటుంది. హాలీవుడ్ నటి లూసిల్ బాల్ అయితే ఏకంగా అతన్ని టెలివిజన్‌లో కూడా మొగుణ్ణే చేసేసింది!

1940 నవంబరు 30న ఆమె డెసీ ఆర్నాజ్‌ని పెళ్ళాడింది. అతను క్యూబా నుంచి వచ్చిన పాటగాడు, ఆమెకన్నా దాదాపు ఆరేళ్ళు చిన్నవాడు. చాట్స్‌వర్త్‌లో 5 ఎకరాల తోట కొనుక్కుని, ఇద్దరి పేర్లూ కలిపి దానికి ‘డెసిలూ’ అని ముద్దుగా పేరు పెట్టుకున్నారు. పేర్లు కలిసినంత సులువుగా మనుషులు కలిసుండటానికి వీలు పడలేదు. ఆమెకి తెల్లవారకముందే షూటింగు. అతనికి బ్యాండు మేళంతో ఊరూరా తిరుగుడు. పైగా తాగుడూ, ఆడవాళ్ళ గొడవలూను. 1944లో విడాకులకి కోర్టుకెక్కింది కూడా. మళ్ళీ మనసొప్పక సర్దుకుంది.

ఆమె రేడియో నాటకాన్ని టెలివిజన్‌కి తెద్దామని సీబీఎస్ వాళ్ళు అడిగినప్పుడు, భర్త వేషం తన భర్తే వెయ్యాలని పట్టుబట్టింది. క్యూబా యాస మొగుణ్ణి జనం ఒప్పుకోరని వాళ్ళ సందేహం. 1950లో దంపతులిద్దరూ ఊళ్ళు తిరిగి, స్టేజీ మీద ఆడి, జనాన్ని నవ్వించి మరీ ఆ సందేహం తీర్చారు. 1951 అక్టోబరు 15, సోమవారం ‘ఐ లవ్ లూసీ’ మొదలైంది. అప్పటికి వాళ్ళ కూతురికి మూడో నెల.

రెండోసారి నెల తప్పితే ఆ సంగతీ కథలో కలిపేశారు. ‘గర్భవతి’ అన్న మాట మాత్రం పలకనివ్వలేదట, చూశారా! 1953 జనవరి 19న పగలు ఆస్పత్రిలో నిజం కొడుకు, రాత్రి తెరమీద కథలో కొడుకు! ఆ రాత్రి చూసినవాళ్ళు 4 కోట్ల 40 లక్షల మంది.

ముచ్చటపడి తోటకి పెట్టుకున్న పేరు కంపెనీ పేరయింది. కంపెనీ పెరిగింది, స్టూడియోలు కొంది. డెసీకి పనీ పెరిగింది, తాగుడూ పెరిగింది. మొగుడు ఎదురుగానే ఉన్నాడు, కాపురమే కనబడకుండా పోయింది. 1960 మార్చి 2న ఆఖరి భాగం ముద్దుతో ముగించి, మర్నాడే ఆమె విడాకుల అర్జీ పెట్టింది. 1962లో అతని వాటా కొనేసి, స్టూడియో తానే నడిపింది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. లూసిల్ రచ్చ గెలిచైనా ఇల్లు గెలుద్దామనుకుంది. ఇద్దరూ వేరే పెళ్ళిళ్ళు చేసుకున్నా, 1986లో డెసీ పోయేదాకా స్నేహం మాత్రం పోలేదు. అందుకే ఆవిడ ఓడిపోయిందనడానికి నాకు నోరు రాదు.