బెంగళూరు చెరువులు: పోయినవి, మిగిలినది

1537లో బెంగళూరు కోట కట్టించిన మొదటి కెంపేగౌడ తెలుగువారికి పరాయివాడు కాడు. ‘గంగాగౌరీ విలాసం’ అనే తెలుగు యక్షగానం ఆయన రచనగా ప్రసిద్ధం. జీవనది లేని ఆ మిట్ట నేలమీద ఊరు నిలవాలంటే వాననీటిని నిలుపుకోవాలి. అందుకే ఆయన పేటతోపాటు ధర్మాంబుధి, కెంపాంబుధి వంటి చెరువులు తవ్వించాడు. తాగునీరు, తోటలకు తడి, బావులకు ఊట అన్నీ చెరువుల చలవే.

1890 దశకంలో హెసరఘట్ట నీరు గొట్టాల ద్వారా ఊరికి వచ్చింది. చెరువులతో అవసరం తగ్గింది, దానితోపాటే ఆదరణా తగ్గింది. కాలక్రమాన ధర్మాంబుధి బస్సుస్టాండు అయింది. సంపంగి చెరువు స్థలంలో కంఠీరవ క్రీడారంగం లేచింది.

అయినా సంపంగి పూర్తిగా పోలేదు. తరతరాలుగా తోటపని చేసిన తిగళులకు కరగ ఉత్సవంలో అక్కడి నీరు కావాలి. వారికోసం ఒక చిన్న కుంట మిగిలింది.

నేడు భవనాల్లో మొక్కలూ నీటితొట్లూ అమర్చి ప్రకృతికి దగ్గరవుతున్నామనుకుంటున్నాం. కేవలం కంటికింపుగా పెంచిన పచ్చదనం ఎన్నాళ్లుంటుందో గాని, మనిషికి పనిబడిన నీరే నిలుస్తుందని ఆ కుంట చెబుతున్నది.