మైసూరు డిగ్రీ

సంచికకు ఏదైనా రాయమని అడగగానే నాకు మన స్టాఫ్ రూమ్ గోడ మీది బోర్డు గుర్తొచ్చింది. అందరి పేర్ల పక్కన బి.ఎస్సీ., బి.ఎడ్. అని ఉంటే, సైన్సు మాస్టారి పేరు పక్కన మాత్రం బి.ఎస్సీ.ఎడ్., మైసూరు అని ఉండేది. పెయింటరు ఒక 'బి' మింగేశాడని మా బ్యాచ్ అంతా చాలాకాలం నవ్వుకున్నాం.

పెయింటరు తప్పేమీ లేదు. మన దగ్గర మాస్టారు కావడానికి మామూలు దారి ముందు డిగ్రీ, తర్వాత బి.ఎడ్. సబ్జెక్టు ఒకచోట, బోధన మరోచోట. 1952-53లో మొదలియార్ కమిషన్ మల్టీపర్పస్ హైస్కూళ్ళు పెట్టమని చెప్పింది. వాటిలో టెక్నాలజీ, వ్యవసాయం, కామర్స్ లాంటివి చెప్పగల వాళ్ళు మామూలు ట్రైనింగ్ కాలేజీల నుంచి రావడం లేదు. అందుకని 1961లో ఏర్పడిన ఎన్.సి.ఇ.ఆర్.టి., 1963లో అజ్మీర్, భోపాల్, భువనేశ్వర్, మైసూరుల్లో రీజనల్ కాలేజీలు తెరిచింది. దక్షిణాది రాష్ట్రాలకు మైసూరు. తీరా చూస్తే మల్టీపర్పస్ స్కూళ్ళ ముచ్చట కొన్నాళ్ళకే తీరిపోయింది, టెక్నాలజీ కోర్సూ ఆగిపోయింది. సైన్సుతో కలిపి చదివే నాలుగేళ్ళ డిగ్రీ మాత్రం నిలబడింది. ఒక పనికి వేసిన డ్రాయింగు ఇంకో పనికి అక్కరకు రావడం మా ఇంజినీర్లకు అలవాటే.

అక్కడ ఫిజిక్సు, కెమిస్ట్రీతో పాటే వాటిని పిల్లలకు ఎలా చెప్పాలో నేర్పేవారు. కాలేజీ ఆవరణలోనే డిమాన్‌స్ట్రేషన్ స్కూలు ఉండేది. తర్వాత ఊళ్ళోని బడులకు వెళ్ళి కొన్ని వారాలు పాఠాలు చెప్పాలి. లెసన్ ప్లాన్‌లో తాను ముందుగా రాసుకునేది పిల్లలు ఏం తప్పు చెబుతారోనని మాస్టారు ఒకసారి అన్నారు.

అదేమిటో మాకు ఎనిమిదో తరగతిలోనే తెలిసింది. ఒక బకెట్టు నీళ్ళు, ఒక కమలాపండు తెచ్చారు. నీళ్ళలో వేస్తే తేలింది. "తొక్క తీసేస్తే?" అని అడిగారు. బరువు తగ్గుతుంది కనుక ఇంకా బాగా తేలుతుందని నలభై మందిమీ ఒక్క గొంతుతో అరిచాం. ఒలిచి వేశారు. బుడుంగున మునిగింది. ఆ పీరియడంతా ఆయన సాంద్రత అనే మాటే ఎత్తలేదు. మర్నాడు మేమే అడిగాం. తొక్కలో గాలి ఉందన్న సంగతి అప్పుడు చెప్పారు.

1985లో ఇంటర్ అయ్యాక ఆయనే మైసూరు అప్లికేషన్ తెప్పించి మా ఇంటికి వచ్చారు. నేను నింపాను కూడా. ఈలోగా వరంగల్ ఆర్.ఇ.సి.లో సీటు వచ్చింది. నాన్నగారు ఆ మాట చెబితే మాస్టారు "మంచిదేనండీ" అని కాఫీ తాగి వెళ్ళారు. ఫారం బల్ల మీదే ఉండిపోయింది. ఆయన్ను మళ్ళీ కలిసినప్పుడల్లా ఆ సంగతి ఎత్తుదామనుకునేవాణ్ణి. ఎత్తలేదు. ఇప్పుడు ఎత్తడానికి ఆయన లేరు.

2020 జాతీయ విద్యా విధానం టీచర్లకు నాలుగేళ్ళ ఉమ్మడి డిగ్రీనే ప్రమాణం చేయాలంది. మైసూరులో అప్పటికే దాదాపు అరవై ఏళ్ళ నాటి మాట అది. ఆ కోర్సు పెట్టిన సంస్థల్లో ఇప్పుడు ఎన్.ఐ.టి. అయిన మా వరంగల్ కాలేజీ కూడా ఉంది. పోయినేడు పాత విద్యార్థుల కలయికకు వెళ్ళినప్పుడు ఆ పిల్లలు కొందరు కనిపించారు. ఒకమ్మాయిని ఏం చదువుతున్నావమ్మా అని అడిగితే, "బి.ఎస్సీ. బి.ఎడ్. అంకుల్" అంది. ఆగి, కమలాపండు సంగతి చెప్పాను. ఒలిచినది మునుగుతుందని ముందే చెప్పేసింది.

"మరి పిల్లలు ఏమంటారు?" అని అడిగాను.




"తేలుతుందంటారు అంకుల్. అక్కడే మొదలుపెట్టాలి" అంది.